ముందు నువ్వు తిను

తండ్రి ఉమ్మిన ముద్ద వచ్చి కూతురి ముంజేతి మీద పడింది.

“ఇది కాదు,” అన్నాడు ఆయన.

“మరేది?”

“మాడు.”

కూతురికి ఒళ్లు మండిపోయింది. తెల్లవారకముందే లేచి వండి, కుట్టు షాపు తెరిచేలోగా ఆసుపత్రికి పరుగెత్తుకొస్తే దక్కే బహుమానం ఇదీ!

ఆ మాడు కథ ఆమెకు కంఠతా వచ్చు. తల్లీ తండ్రీ లేని ఇంట్లో ఆయన్ని పెంచింది అక్క. వంటపనికి వెళ్లిన ఇంట్లో గిన్నెకు అడుగంటిన అన్నం గీరి తెచ్చి, ఇంత ఉప్పు, ఓ ఉల్లిపాయ నలిపి పెట్టేది. తనకు మాత్రం మిగిలేది కాదు. “నేను తినేశాన్రా” అని మంచినీళ్లు తాగి పడుకునేది. పెళ్లీడు రాకుండానే జ్వరమొచ్చి పోయింది.

తర్వాత ఆయన లారీ తోలుతూ తినని హోటల్ లేదు. అయినా జన్మలో తిన్న తిండంటే ఆ మాడే అనేవాడు. ఇప్పుడు మతి తప్పింది. కన్నకూతురి ముఖం కూడా గుర్తులేదు. మాడు మాత్రం గుర్తుంది.

మర్నాడు అన్నం కావాలనే మాడ్చి, ఉల్లిపాయ నలిపి తెచ్చింది. అదీ ఉమ్మేశాడు.

“తింటే తిను, లేకపోతే పస్తుండు!”

క్యారియర్ దభీమని మంచం పక్కన పెట్టి వెళ్లిపోయింది.

సాయంత్రం వచ్చి చూస్తే క్యారియర్ ఖాళీ!

ఆ మర్నాడూ ఖాళీయే. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఆ చలికాలమంతా పొద్దున నిండు క్యారియర్ పెట్టి వెళ్లడం, సాయంత్రం ఖాళీది తీసుకెళ్లడం.

ఎండలు ముదురుతున్నప్పుడు, కొత్తగా చేరిన ఆయా ఆమె చెవిలో వేసింది.

“మీ నాన్నకి తెచ్చింది ఎవరో ముసలావిడ తింటోందమ్మా. మధ్యాహ్నం వచ్చి చూసుకోండి.”

షాపుకి తాళం వేసి మధ్యాహ్నం వచ్చింది.

నిజమే. మంచం అంచున ఒక ముసలామె. ఒళ్లో క్యారియర్ గిన్నె. బుగ్గలో ముద్ద.

“రోగి నోటి దగ్గర కూడు లాక్కుతింటున్నావా? సిగ్గూ శరం లేదూ?”

ముసలామె గబుక్కున మింగి, చెయ్యి తుడుచుకుంది.

“అది కాదు తల్లీ...”

“ఏది కాదు? కళ్లారా చూస్తుంటే! ఆకలేస్తే అడుక్కో. ఈ దొంగబుద్ధేమిటి?”

వార్డంతా తలలు తిప్పి చూసింది. వాచ్‌మన్ వచ్చి ముసలామె రెక్క పట్టుకున్నాడు.

ఆమె గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది.

“ఆయనకి నాలుక పూసిందమ్మా. కారం కాస్త తగ్గించు.”

“తిన్నది చాలక వంకలు కూడానా! మళ్లీ ఈ ఛాయల కనబడితే కాళ్లు విరగ్గొడతా!”

మంచం మీంచి తండ్రి చెయ్యి చాపి ఏదో గొణిగాడు. ఆ కోపంలో కూతురికి వినబడలేదు.

మర్నాడు క్యారియర్ నిండుగా ఉంది.

ఆ తర్వాతా అంతే. బతిమాలింది, కసిరింది, చెంచాతో పళ్ల సందున కుక్కింది. ఆయన నోరు తెరవలేదు. డాక్టర్లు ముక్కులో గొట్టం వేస్తే పీకేసుకున్నాడు.

ఎంతో కాలం పట్టలేదు. పోయాడు.

ఆయన సామాన్లు తీసుకోవడానికి వచ్చిన రోజున, సెలవు ముగించుకున్న పాత నర్సు వార్డులో ఉంది.

“ఆయన అక్కగారేరీ? కబురు పెట్టారా?”

“అక్కేంటి? మా అత్తయ్య మా నాన్న చిన్నప్పుడే పోయింది.”

“మరి రోజూ అన్నం పెట్టే ఆవిడెవరు? అక్కా, అక్కా అని వదిలేవాడు కాదే!”

కూతురి చేతిలోని దుప్పటి నేల మీద పడింది.

“ఆ ముసలిదా? అది పెట్టడమేంటి? తనే తింటుంటే నా కళ్లతో చూశాను!”

“తినక ఏం చేస్తుంది?” నర్సు గొంతు లేచింది. “‘ముందు నువ్వు తిను’ అని మొండికేసేవాడు. ఆవిడ ఒక ముద్ద తిని నోరు తెరిచి చూపిస్తేనే తనొక ముద్ద తినేవాడు. చలికాలంలో ఆయన ఒళ్లు చెయ్యలేదూ? అదైనా మీ కంటికి ఆనలేదా? ఇంతకీ ఆవిడ్ని ఏం చేశారు?”

“తరిమేశాను.”

నర్సు ఛీ కొట్టినట్టు ముఖం తిప్పుకుంది.

“అక్క కాకపోతే... ఎవరామె?” అంది కూతురు.

“ఈ పక్క మంచం మీదాయన భార్య. ఆయన్ని చూడ్డానికి మధ్యాహ్నాలు వచ్చేది. మీ నాన్న అలా పిలుస్తుంటే మీవాళ్లే అనుకున్నాం.”

కూతురు పక్క మంచం వైపు తిరిగింది. కాలికి కట్టుతో ఎవరో నడివయసు మనిషి నిద్రపోతున్నాడు.

“ఈయనేనా?”

“ఈయన నిన్నే చేరాడు,” అంది నర్సు. “ఆవిడ భర్త చలికాలం మొదట్లోనే పోయాడు. ఆ తర్వాత ఆవిడ వచ్చిందంతా మీ నాన్న కోసమే.”