మొదటి పోలిక

"ఆ చిటికెన వేలు మనిషిని ఇంకా తీసెయ్యలేదేం?" అని టీమ్ లీడర్ విసుక్కున్నాడు.

డేటాబేస్ చూసే ఉద్యోగి తల తిప్పాడు. అందర్నీ బావా అని పిలవడంతో ఆఫీసులో అతని పేరే బావ అయిపోయింది.

"అక్క వద్దంటోంది సార్."

అక్క అంటే టెస్టర్. వాళ్లందరికంటే రెండు మూడేళ్లు పెద్దది. పెద్ద కంపెనీలో మంచి ఉద్యోగం వదులుకుని, ఈ చిన్న టీమ్‌లోకి అడిగి మరీ వచ్చింది. ఎందుకని లీడర్ అడిగితే, "పని నచ్చింది సార్" అని ఊరుకుంది.

వాళ్లు తయారుచేస్తున్నది తప్పిపోయిన మనుషుల్ని వెతికే వెబ్ అప్లికేషన్. ఇంట్లోవాళ్లు తమ మనిషి ఆనవాళ్లు అందులో ఎక్కిస్తారు. ఆస్పత్రులు, మార్చురీలు తమ దగ్గరున్న గుర్తు తెలియనివాళ్ల ఆనవాళ్లు ఎక్కిస్తాయి. రెండూ కలిస్తే ఇంట్లోవాళ్ల ఫోనుకు కబురు వెళ్తుంది. ఇన్నాళ్లూ జనం ఫొటో చేత్తో పట్టుకుని గుమ్మం గుమ్మం తిరుగుతున్నారు.

పరీక్షల కోసం టీమ్‌లో తలా ఒక ఉత్తుత్తి మనిషిని పుట్టించారు. బావ పుట్టించినవాడిది తొమ్మిదడుగుల ఎత్తు. లీడర్ మనిషికి బట్టతల తప్ప మరో ఆనవాలు లేదు. అక్క మనిషి మాత్రం అచ్చం ఎక్కడో తిరుగుతున్నట్టే ఉండేవాడు. ఎడమ కనుబొమ మీద కుట్ల మచ్చ, వంకర తిరిగిన కుడి చిటికెన వేలు, మాటలో కాస్త నత్తి.

"శవానికి నత్తి ఏంటక్కా?" అని బావ ఒకసారి పగలబడి నవ్వాడు.

"ఆస్పత్రిలో బతికే ఉండొచ్చు కదా," అంది ఆమె, స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండా.

ఆమె చాదస్తానికి టీమ్ అంతా తల పట్టుకునేది. కొన్ని ఫోన్లలో తీసిన ఫొటోల్లో కుడి ఎడమలు తారుమారవుతున్నాయని కనిపెట్టింది ఆమే. "మచ్చ ఎటుంటే ఏంలెండి" అన్న పాపానికి బావ చేత ఆ భాగం మొత్తం తిరగరాయించింది. ప్రతి పరీక్షా ఆస్పత్రులతోనే మొదలుపెట్టేది. మార్చురీ వంతు వచ్చేసరికి కాఫీకి లేచిపోయేది. ఆమెకు శవాలంటే భయమని లీడర్ అనుకున్నాడు.

ఇప్పటికే ప్రారంభం రెండుసార్లు వాయిదా పడింది. ఈసారి తప్పితే తన ఉద్యోగానికే ఎసరని లీడర్‌కు తెలుసు. లేచి ఆమె బల్ల దగ్గరికి వెళ్లాడు.

"అన్ని రికార్డులూ తీసేశాం. మీదొక్కటే మిగిలిందమ్మా."

"ఇదొక్కటీ ఉండనివ్వండి సార్."

"లైవ్‌లోకి వెళ్లాక ఉత్తుత్తి మనిషి కనిపిస్తే పరువు పోదూ? చూడబోతే ఆయన మీద అభిమానం పెంచుకున్నట్టున్నారే."

లీడర్ వంగి, ఆమె కంప్యూటర్ మీదే ఆ రికార్డును చెరిపేశాడు. ఖాళీ అయిన స్క్రీన్‌ను ఆమె అలాగే చూస్తూ కూర్చుంది.

మధ్యాహ్నం పెద్దాఫీసరు వచ్చి మీట నొక్కాడు. అప్లికేషన్ లైవ్‌లోకి వెళ్లింది. చప్పట్లు కొట్టారు. ఆస్పత్రులూ మార్చురీలూ ఎక్కిస్తున్న ఆనవాళ్లు గోడ మీది పెద్ద తెరపై ఒక్కొక్కటే పడసాగాయి. లీడర్ గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

అంతలో తెర మీద ఎర్ర గుర్తు వెలిగింది. మొదటి పోలిక.

"అప్పుడే దొరికారా?" ఆఫీసరు ముందుకు వంగాడు.

లీడర్ చదివాడు. కనుబొమ మీద కుట్ల మచ్చ. వంకర చిటికెన వేలు. ఎక్కించింది ఓ మార్చురీ. గబుక్కున ఆఫీసరు వైపు తిరిగాడు.

"క్షమించాలి సార్. ఇది మా పరీక్షల రికార్డు. మార్చురీ వాళ్లకి శిక్షణలో దీన్నే చూపించాం. అలవాటు కొద్దీ మళ్లీ కొట్టేసినట్టున్నారు. నిజానికి ఇలాంటి మనిషే లేడు."

ఆఫీసరు ముఖం చిట్లించాడు. లీడర్ బావను పక్కకు లాగాడు.

"చెరిపేసింది ఎలా వచ్చింది?"

"మనం చెరిపింది రాలేదు సార్. లైవ్‌లోకి వెళ్లగానే మళ్లీ కొత్తగా ఎక్కించారు, ఇంట్లోవాళ్లు ఎక్కించే పేజీలోంచి." బావ గొంతు తగ్గించాడు. "అక్క ఫోన్ నంబరే ఉంది."

లీడర్‌కు ఒళ్లు మండిపోయింది. విసవిసా ఆమె బల్ల దగ్గరికి నడిచాడు.

"ఇన్నాళ్ల అందరి కష్టాన్నీ ఆఫీసరు ముందు నవ్వులపాలు చేశారు. ఎంత చెప్పినా మీకు ఆ ఉత్తుత్తి మనిషే ముఖ్యమా?"

ఆమె ఫోన్ బల్ల మీద పెట్టి లేచింది.

"మార్చురీకి ఫోన్ చేశాను సార్. వేలు కుడిచేతిదేనా అని మళ్లీ మళ్లీ అడిగాను. కుడిచేతిదేనట."

"శిక్షణలో చెప్పింది వాళ్లు అప్పజెప్తుంటే, అదేదో నిజమైనట్టు..."

"వాళ్లది తప్పు కాదు సార్. మన అప్లికేషన్‌లోనూ తప్పు లేదు. బాగా పనిచేస్తోంది."

ఆమె బ్యాగు భుజాన వేసుకుంది.

"వాడు నా తమ్ముడు."