మోకాళ్ల మందు

డైరెక్టరు ఒక్క వాక్యం చెబితే, ఆమె నిమిషంసేపు అనువదించింది.

"నేనన్నది ధర తగ్గించమని. దానికింత పురాణం ఎందుకమ్మా?"

"ఆయన భాషలో అంత అవుతుందండీ" అంది ఆమె, ఆకుపచ్చ అట్ట నోటుబుక్కు మూస్తూ.

ఐదు దేశాల్లో ఫ్యాక్టరీలున్న కంపెనీ అది. విడిభాగాలు తయారుచేసే ఒక విదేశీ పెద్దాయన ఏటా వచ్చి ఒప్పందం మీద సంతకం పెడితేనే అవన్నీ నడుస్తాయి. తొమ్మిదేళ్లుగా ఇద్దరి మధ్యా కూర్చుని మాటలు చేరవేసేది ఆమే. ఆఫీసులో అందరికీ దుబాసమ్మ.

సంతకం రోజున పెద్దాయన డైరెక్టరుకి ఒక చిన్న రేకు డబ్బా ఇచ్చేవాడు. మోకాళ్ల నొప్పులకి మందు. పుట్టి బుద్ధెరిగి ఏ నొప్పీ ఎరగని డైరెక్టరు, "ఈయనకేం చాదస్తం? నువ్వే ఉంచుకో" అని ఆమె వైపు నెట్టేవాడు.

తొమ్మిదో ఏడు సంతకం కాగానే ఆమెను మానిపించేశాడు. చెప్పింది చెప్పినట్టు చెప్పే యంత్రం కొన్నాడు.

మరుసటి ఏడు పెద్దాయన వచ్చి, డబ్బా బల్ల మీద పెట్టి కూర్చున్నాడు.

"ధర తగ్గించండి" అన్నాడు డైరెక్టరు. యంత్రం పొల్లు పోకుండా అదే చెప్పింది.

ఇంకా ఏదో వినబోతున్నట్టు పెద్దాయన కాసేపు ఎదురుచూశాడు. చివరికి తనే అడిగాడు.

"మీ అమ్మగారి మోకాళ్లు ఎలా ఉన్నాయి?"

"మా అమ్మ పోయి ఇరవై ఏళ్లయింది."

యంత్రం అదీ చెప్పింది.

పెద్దాయన కలానికి మూత పెట్టాడు. డబ్బా తీసి జేబులో వేసుకున్నాడు.

"తొమ్మిదేళ్లు ఆ తల్లి కబుర్లు చెప్పావు. అబద్ధాలాడేవాడితో నాకు వ్యాపారం లేదు."

గదిలో డైరెక్టరు ఒక్కడే మిగిలాడు. కిటికీ పక్కన ఆమె కూర్చునే కుర్చీ మీద ఎండ పడుతోంది. తను విసుక్కున్నప్పుడల్లా అవతల పెద్దాయన నవ్వేవాడు. నవ్వించిందెవరో ఇప్పుడు తెలిసింది.

ఆ సాయంత్రమే ఆమె ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు. చేతికర్రతో ఒక ముసలావిడ తలుపు తీసింది. ఆమె వెనక అలమరలో తొమ్మిది రేకు డబ్బాలు. ఖాళీ అయినవాటిలో గుండీలు, దారపు ఉండలు.

అమ్మాయి మొన్ననే వేరే దేశంలో ఉద్యోగానికి వెళ్లిపోయిందనీ, వచ్చే నెల తననూ తీసుకెళ్తుందనీ చెప్పి, ఎవరు నాయనా అని అడిగింది.

చెప్పాడు.

ముసలావిడ ముఖం విప్పారింది. కర్ర గోడకి ఆనించి, రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకుంది.

"ఏటా గుర్తుపెట్టుకుని నా మోకాళ్లకి మందు పంపే డైరెక్టరు బాబువి నువ్వేనా?"