గొడ్డలి మీద ఒట్టు

“ముందు ఆ గొడ్డలి కింద పెట్టు!” ఒడ్డుకు లాగిన పడవకీ మొగుడికీ మధ్య నిలబడి అరిచింది సరంగు భార్య.

“తప్పుకో. పొద్దుటి నుంచి కాకి కూడా ఎక్కలేదు. కనీసం పొయ్యిలోకైనా పనికొస్తుంది.” సరంగు గొడ్డలి ఇంకా పైకెత్తాడు.

తలెత్తితే కొత్త వంతెన. పొద్దున్నే రిబ్బన్ కత్తిరించారు. లారీలు, స్కూటర్లు, కూరగాయల బండ్లు ఒకటే పోత. ఆకు వాడకుండానే సరుకు అవతలి మార్కెట్‌కి చేరిపోతోంది. ఊరికి మంచి రోజులొచ్చాయని మైకులో చెప్పారు. ఊళ్ళో సరంగు కూడా ఉన్నాడన్న సంగతి మరిచిపోయినట్టున్నారు. నిన్నటిదాకా “అన్నా, కాస్త గట్టెక్కించు” అని బతిమాలినవాళ్ళు రేవు వైపు తొంగి కూడా చూడలేదు.

“వంతెన మీద ఇసకేస్తే రాలనంత జనం. ఈ పల్లీలు అమ్ముకొస్తా” అంది ఆమె, బుట్ట చంకనెత్తుకుంటూ.

“నా పొట్ట కొట్టినదాని మీదకెక్కి బేరమా? సిగ్గులేదూ?”

“సిగ్గు ఉడకేస్తే కూరవుతుందా? నీళ్ళంటే భయపడి నీ పడవే ఏనాడూ ఎక్కనిదాన్ని. నాకున్న దారి అదొక్కటే. నేనొచ్చేదాకా గొడ్డలి ముట్టనని ఒట్టెయ్యి.”

“నీ మీద ఒట్టు” అన్నాడు సరంగు, గొడ్డలి ఇసకలో పడేసి.

ఆమె వెళ్ళిన కాసేపటికి వంతెన పైనుంచి ఒక కేక. నిన్నటిదాకా రోజూ పడవలో దాటిన పాలవాడు.

“ఏం సరంగూ! ఇక పడవలో కోళ్ళు పెంచుకో!”

పక్కనున్నవాళ్ళు పగలబడి నవ్వారు.

సరంగుకి ఏడుపొచ్చింది. ఒళ్ళు మండిపోయింది. ఏరు దాటాక తెప్ప తగలేస్తారని ఊరికే అనలేదు. ‘వీళ్ళు తగలేసేదేంటి, నేనే తగలేస్తా’ అనుకున్నాడు. ఒట్టు మాత్రం తప్పలేదు. గొడ్డలి జోలికి పోకుండా అగ్గిపెట్టె తీశాడు.

తారు పూసిన చెక్క. పైగా గాలి. చూస్తుండగానే పడవ భగ్గుమంది. పొగంతా ఏటి మీదికి కొట్టుకుపోయింది. సరంగు ఇసకలో కూలబడి చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

అంతలో గట్టు అవతల నుంచి భార్య గొంతు. ఆయాసపడుతోంది, నవ్వుతోంది. ఆమె వెనక బోలెడు అడుగుల చప్పుడు.

“ఏమయ్యోయ్! వంతెన మీద నిలబడితే వంతెన కనబడట్లేదట! ఏటి మధ్య నుంచి చూడాలట, జనం ఎగబడుతున్నారు! పడవ నీళ్ళలోకి దించు, ముందు నేనే ఎక్కుతా!”