ఆదివారం పరీక్ష

“ఇంకొక్కసారి తిప్పి చూడండి,” అంది నెరెయిదా.

కారులో కూర్చున్న మెకానిక్ ఎఫ్రాయిన్ తాళం తిప్పాడు. స్టార్టరు గిరగిరా తిరిగింది కానీ ఇంజన్ అంటుకోలేదు. పెట్రోలు వాసన మాత్రం గుప్పున కొట్టింది.

“మళ్ళీ పెట్రోల్లో మునిగింది,” అంటూ కారు దిగాడు.

వీధి అవతల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న ముసలి దోన్ చేయో ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాడు. “ఒరేయ్, బయామోన్ ఊరు మొత్తంలో రోటరీ ఇంజన్ అంటే ఎఫ్రాయినే అన్నారు కదరా! నా పాత రేడియో తెచ్చివ్వనా? దాన్నైనా పలికిస్తావేమో!”

ఎఫ్రాయిన్ పళ్ళు నూరుకుని బానెట్ ఎత్తాడు. ఈ మాటలు సాయంత్రానికి ఊళ్ళో మెకానిక్కులందరికీ చేరతాయని అతనికి తెలుసు.

ఆ పాత స్పోర్ట్స్ కారు నెరెయిదా భర్త ఎద్గార్దోది. దాని సొంత ఇంజన్ పీకేసి, వేగం పెంచే టర్బో ఉన్న రోటరీ ఇంజన్ ఎక్కించాలని అతను ముచ్చటపడ్డాడు. పని సగంలో ఉండగా గుండె జబ్బుతో పోయాడు. పోయేముందు ఎఫ్రాయిన్ చెయ్యి పట్టుకుని, “బండి పూర్తి చెయ్యరా,” అన్నాడు. ఎఫ్రాయిన్ సరేనన్నాడు.

కొత్త ఇంజన్ ఆ పాత బండిలో ఒక పట్టాన ఇమడలేదు. దాన్ని కూర్చోబెట్టడానికి కొత్త దిమ్మలు వెల్డింగ్ చేశాడు. టర్బో గొట్టం స్టీరింగుకి అడ్డొస్తే కోసి వంచాడు. ఇప్పుడు మిగిలింది ఒక్కటే. రాత్రంతా చల్లారిన ఇంజన్ మర్నాడు పొద్దున తన కళ్ళముందు అంటుకుంటేనే ఎఫ్రాయిన్ బండి అప్పగిస్తాడు. అది అతని పద్ధతి. అందుకే ప్రతి శనివారం ఇంజన్ నడిపి చూసి, తాళం నెరెయిదా చేతిలో పెట్టి వెళ్ళేవాడు. ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చేవాడు. శనివారం పులిలా గర్జించిన ఇంజన్ ఆదివారం మూగనోము పట్టేది.

“నాకూ ఒకసారి ఇలాగే అయిందిరా,” అన్నాడు దోన్ చేయో. “గచ్చు కడగాలని బండిని రెండడుగులు జరిపి ఆపేశా. వేడెక్కకుండా ఆపితే రోటరీ ఊరుకుంటుందా? కడుపునిండా పెట్రోలు తాగి పడుకుంది. మర్నాడు అంటుకోక బస్సెక్కాల్సొచ్చింది. అక్కడ మా మామగారిని పూడ్చేసరికి నేనింకా బస్సులోనే ఉన్నా!”

“మీ తెలివికి అంతే అవుతుంది. ఇక్కడ పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు కారుతోంది, రాత్రంతా బొట్టు బొట్టుగా,” అన్నాడు ఎఫ్రాయిన్.

“మొన్ననే మార్చారు కదా?” అంది నెరెయిదా.

“మళ్ళీ మారుస్తాను, దోన్యా,” అన్నాడు ఎప్పటిలా మర్యాదగా.

అంతలో ఫోన్ మోగింది. సముద్రం అవతల ఓర్లాండో నుంచి అతని చెల్లెలు లూర్దెస్. ఆమె గొంతు నెరెయిదా దాకా వినిపించింది. “అన్నయ్యా, మా ఆయన షెడ్డులో నీ చోటు ఇంకెన్నాళ్ళు ఖాళీగా ఉంచుతాడు? పై వారం మంగళవారం విమానం ఎక్కకపోతే వేరేవాణ్ణి పెట్టేసుకుంటాడు!”

“బండి అంటుకోగానే వస్తానే,” అని అతను ఫోన్ పెట్టేశాడు.

నెరెయిదా అతనికి కాఫీ కప్పు అందించింది. “వచ్చే ఆదివారం అంటుకుంటుందంటారా?”

“అంటుకుంటుంది. అంటుకోకుండా నేను కదలను. వాడికి మాటిచ్చాను.”

ఆ వారమంతా నెరెయిదాకి కంటిమీద కునుకు లేదు. దారిన పోయే ప్రతి బండి చప్పుడుకీ కిటికీ దగ్గరికి పరిగెత్తింది. బండి మీద ఇంత బెంగేమిటని అక్క కోప్పడితే, నీకు తెలీదులే అంది.

శనివారం ఎఫ్రాయిన్ ఇంజెక్టర్లు, పంపు, ప్లగ్గులు అన్నీ మార్చాడు. తాళం తిప్పగానే ఇంజన్ భగ్గున అంటుకుంది. వీధి కిటికీలు అదిరాయి. దోన్ చేయో కుర్చీలోంచి లేచి, “అమ్మో! రేపు దీన్నెవడూ ఆపలేడు!” అన్నాడు. నెరెయిదా గుండె మీద చెయ్యి వేసుకుంది. కళ్ళనిండా నీళ్ళు. చటుక్కున లోపలికి వెళ్ళిపోయింది.

ఎఫ్రాయిన్ ఇంజన్ బాగా వేడెక్కేదాకా ఉంచి ఆపాడు. ఇంతలో వాన పట్టుకుంది. దోన్ చేయో కుర్చీ నెత్తిన పెట్టుకుని ఇంట్లోకి పరిగెత్తాడు.

సాయంత్రం వరండాలో అతనికి కందులన్నం వడ్డిస్తూ, “రేపు అంటుకుంటే?” అంది నెరెయిదా.

“మంగళవారం విమానం.”

కంచంలో అన్నం ఉండగానే ఆమె మళ్ళీ వడ్డించింది. “అక్కడ కందులు దొరుకుతాయా?”

“డబ్బాల్లో దొరుకుతాయట.”

“డబ్బా కందులు ఒక తిండా!” అంది ఆమె కోపంగా. ఆ కోపం ఎవరి మీదో ఆమెకే తెలియలేదు. గిన్నెలు తీసుకుని లోపలికి నడిచింది.

ఎఫ్రాయిన్ కాసేపు వాన చూస్తూ కూర్చున్నాడు. చల్లారిన బానెట్ మీద జల్లు పడుతోంది. లేచి వెళ్ళి కారు స్టార్ట్ చేసి, రెండడుగులు వెనక్కి చూరు కిందకి జరిపి వెంటనే ఆపేశాడు. తర్వాత చెల్లెలికి ఫోన్ చేసి ఏదో చెప్పాడు. అటునుంచి కేకలు వినిపించాయి. అతను ఓపిగ్గా విని పెట్టేశాడు.

నెరెయిదా చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అతను తాళం అందించాడు. ఆమె దాన్ని గుప్పిట్లో బిగించి పట్టుకుంది.

“రేపు… చర్చి అయ్యాకే కదా వస్తారు?”

“ఎప్పటిలాగే.”

ఆమె తల దించుకుంది. అతను గొడుగు విప్పి గేటు దాకా వెళ్ళి, ఆగి, వెనక్కి తిరిగాడు.

“రేపు తెల్లారకముందే లేచి బండి జరపక్కర్లేదు దోన్యా, ఈసారి నేనే ముంచేశాను.”