వావీ వరుసా

“నీ ఉద్యోగం ఊడేలా ఉందే,” అంది తల్లి, కూతురి కుర్చీ వెనక నిలబడి. “పొద్దున్నుంచీ ఆ కంప్యూటర్లో చక్రం అలా తిరుగుతూనే ఉంది. వేడెక్కి పేలిందంటే నీ మొహం మీదే పేలుతుంది. కాస్త వెనక్కి జరిగి కూర్చో.”

“పేలదమ్మా. జవాబు దొరక్క తిరుగుతోంది.”

“దొరక్కపోతే ఊరుకోవచ్చుగా. దానికెందుకంత పట్టుదల?”

కూతురు నవ్వలేదు. నాలుగింటికి కత్తెర మేడమ్ ఫోన్ చేస్తుంది. మనుషుల్ని ఉద్యోగాల్లోంచి కత్తిరించి పారేస్తుందని ఆఫీసంతా కలిసి ఆమెకు పెట్టుకున్న పేరది. ఆలోగా చక్రం ఎందుకు ఆగడం లేదో చెప్పలేకపోతే రేపటి నుంచి రానక్కర్లేదని ముందే అనేసింది. గోడ గడియారంలో మూడున్నర దాటింది.

ఉద్యోగం పోతే పిల్ల దిగులు పెట్టుకుంటుంది. దిగులు పెట్టుకుంటే జ్వరం వస్తుంది. జ్వరం ముదిరితే? అక్కడితో ఆపి, తల్లి మంచం అంచున కూలబడింది.

“అసలేం పాడైందో నాకూ చెప్పవే. నాకు అర్థం కాకపోయినా నీ గుండె బరువైనా దిగుతుంది.”

“మన చుట్టాల గురించి నోటితో చెబితే చాలమ్మా, ఈ ప్రోగ్రాం విని వంశవృక్షం తయారుచేస్తుంది. మనిషికొక వరుస.”

“వరుసంటే? అత్త వరుసా, పిన్ని వరుసా?”

“ఆ వరుస కాదు. అడ్డంగా గళ్ల వరుస. ప్రతి వరుసకీ ఒక నంబరు. చివరి గడిలో ఆ మనిషిని కన్నవాళ్ల నంబరు. నా గడిలో నీ నంబరు, నీ గడిలో అమ్మమ్మ నంబరు. అలా పైకి పోతూ ఉంటే చివరికి ఒకరి గడి ఖాళీగా కనిపిస్తుంది. ఆ ఇంటికి వాళ్లే పెద్ద. అక్కడ ఆగాలి.”

“బాగానే ఉందిగా. మరి ఆగదేం?”

“మేడమ్ తన ఇంటి గురించి తానే మాట్లాడి చూసింది. మాటలు విన్నవి విన్నట్టే చెరిగిపోతాయి. పేర్లు మాకు కనపడవు, నంబర్లే. పదిహేనుని కన్నది పద్నాలుగు. పద్నాలుగుని కన్నది మళ్లీ పదిహేను. ఇంక ఆగేదెక్కడ?”

తల్లి నోటి మీద చెయ్యి వేసుకుంది. “ఒకరినొకరు కనడమేమిటే, వావీ వరుసా లేకుండా? నువ్వేమీ తప్పు మీట నొక్కలేదు కదా?”

“అదే వెతుకుతున్నాను. ‘మా ఇంటివాళ్లు ఎవరో నాకు తెలియదా’ అంటోంది మేడమ్. తప్పు నాదే అయ్యుంటుంది.”

తల్లి చల్లారిన పాలు తీసుకెళ్లి మళ్లీ పొయ్యి మీద పెట్టగానే కాలింగ్ బెల్ మోగింది. పై అంతస్తులోకి కొత్తగా దిగిన ఆవిడ. లిఫ్ట్ ఎందుకు రావడం లేదో కనుక్కోవడానికి వచ్చింది.

“కాస్త మెల్లగా మాట్లాడండి,” అంది తల్లి తలుపు ఓరగా తీసి. “మా అమ్మ లోపలుంది. పొద్దున్నుంచీ మెతుకు ముట్టలేదు, పాలు కూడా తాగలేదు. చూస్తుంటే నా ప్రాణం కొట్టుకుంటోంది.”

“అయ్యయ్యో.” ఆవిడ గొంతు తగ్గించింది. “డాక్టరుకి చూపించారా? అసలు ఎన్నేళ్లుంటాయి?”

“వచ్చే నెలకి ఇరవై ఆరు.”

ఆవిడ కాసేపు తల్లి జుట్టులోని తెల్లవెంట్రుకల్ని చూస్తూ నిలబడింది.

“మీ అమ్మగారికా?”

లోపల కుర్చీ కిందపడిన చప్పుడైంది. కూతురు పరుగున వచ్చి, వెనక నుంచి తల్లిని గట్టిగా వాటేసుకుని, చెంప మీద ముద్దు పెట్టి, పగలబడి నవ్వసాగింది. తల్లి వెనక్కి తిరిగి పిల్ల నుదురు తడిమింది. ఉద్యోగం సంగతి తర్వాత, ముందు పిల్లకి మతి చలించింది. డాక్టరు కావలసింది నిజంగా ఇప్పుడే.

అంతలో ఫోన్ మోగింది. కూతురు కళ్లు తుడుచుకుని స్పీకరు పెట్టింది.

“కారణం దొరికిందా, పని వేరేవాళ్లకి అప్పగించనా?” అంది కత్తెర మేడమ్. పలకరింపుల్లాంటివి ఆమెకు అలవాటు లేవు.

“దొరికింది మేడమ్. ముందు ఒక్క మాట చెప్పండి. ఇంట్లో మీ అబ్బాయిని ఏమని పిలుస్తారు?”

ఊడబోయే ఉద్యోగం చేతిలో పెట్టుకుని పై అధికారి ఇంటి సంగతులు అడుగుతుందేమిటీ పిల్ల. వద్దు, వద్దని తల్లి రెండు చేతులూ ఊపింది. తప్పయిందని చెప్పమని దణ్ణం పెట్టి మరీ చూపించింది.

“నా కొడుకుని నేనేమని పిలిస్తే నీకెందుకు?”

“పద్నాలుగో వరుస మీది, పదిహేనోది బాబుదీ అనుకుంటున్నాను మేడమ్. అందుకని.”

పై అంతస్తు ఆవిడ లిఫ్ట్ సంగతి మరిచిపోయి గుమ్మంలోనే నిలబడింది. పొయ్యి మీద పాలు పొంగి చుయ్యిమన్నా తల్లి కదల్లేదు. అయిపోయింది, కత్తిరించేసింది, ఇక ఫోన్ పెట్టేయడమే తరువాయి అనుకుని కళ్లు మూసుకుంది. ఫోన్ పెట్టేసిన చప్పుడు మాత్రం వినిపించలేదు.

“నాన్నా అని,” అంది చివరికి కత్తెర మేడమ్, గొంతు బాగా దించి. “రేపు మామూలుగానే వచ్చెయ్ తల్లీ.”