మిగిలిన సంతకం

“నేనొప్పుకోను,” అన్నాడు పరశురాం.

ఇది పన్నెండో ఆదివారం. తాండూరులో అతని బండల దుకాణం వెనకే ఇల్లు. ముందుగదిలో కూతురు అక్షర, ఆమె పక్కన రూపేష్ కూర్చున్నారు. ఇద్దరికీ వికారాబాద్‌లోనే ఉద్యోగం. ఇద్దరూ బహాయిలు. అతను పుట్టుకతో, ఆమె రెండేళ్లుగా. ప్రతి వారం రైల్లో వస్తారు, కాదనిపించుకుని పోతారు.

“మామా, జర నా మాట...”

“అప్పుడే మామను చేసినవా? కులమేందంటే మనుషులంతా ఒక్కటే అంటవు. మతమేందంటే అన్నీ ఒక్కటే అంటవు. నీ తాన రెండు ఏమన్న ఉన్నయా?”

“ఉన్నయి మామా. ఆడ, మగ. అయినా ఇద్దరూ సమానమే.”

పన్నెండు వారాల్లో వద్దన్నా పరశురాంకు చాలా తెలిసిపోయింది. దేవుడు ఒక్కడే. కృష్ణుణ్ణి, బుద్ధుణ్ణి, ఏసును, మహమ్మదును పంపింది ఆయనే. ఈ కాలానికి బహావుల్లాను పంపాడు. పూజారులు లేరు. ఊరికి తొమ్మిది మందితో ఒక సభ ఉంటుంది. దానికి ఎన్నికలున్నాయి కానీ ఓట్లు అడగకూడదు. ఒకరి గురించి వెనక చెడు మాట్లాడకూడదు.

వీటిలో పరశురాంకు నచ్చింది ఒక్కటే. అమ్మాయి, అబ్బాయి ఇష్టపడితే చాలదు. బతికున్న తల్లిదండ్రులందరూ ఒప్పుకోవాలి. ఒక్కరు కాదన్నా పెళ్లి లేదు.

“రిజిస్టర్ ఆఫీసుకు పోర్రి. ఎవరద్దన్నరు?” అనేవాడు.

“నువ్వు సంతకం పెడ్తెనే, నాయినా,” అనేది అక్షర.

అతని మాటకు ఇంత విలువ ఇంతకు ముందు ఎవరూ ఇవ్వలేదు. పన్నెండు వారాలు దాన్ని అనుభవించాడు.

గోడ మీద భార్య ఇంద్రమ్మ ఫొటో. దానికి ప్లాస్టిక్ పూలదండ. అక్షరకు రెండేళ్లప్పుడు పిల్లను చంకనేసుకుని బొంరాస్‌పేట నుంచి తాండూరు వచ్చాడు. మళ్లీ ఆ దారి తొక్కలేదు. ఇంకో పెళ్లి చేసుకోలేదు. వాడకట్టు అంతా ఆ మాట గౌరవంగా చెప్పుకుంటుంది. తద్దినం మాత్రం ఎన్నడూ పెట్టలేదు. అలాంటి వాటి మీద నమ్మకం లేదంటాడు.

“అమ్మ ఉంటే ఒప్పుకుంటుండె,” అంది అక్షర.

“లేదు గద. ఇగ నేనొక్కన్నే.”

“మా సభోళ్లు అమ్మ మరణం సర్టిఫికెట్ అడిగిర్రు. నీ తాన ఉన్నదా?”

“ఇల్లు మారినప్పుడు పోయింది.”

“ఫికర్ లేదు. బొంరాస్‌పేట పంచాయతీల ఇంకోటి తెచ్చుకుంట. గురువారం సెలవు పెట్టిన.”

పరశురాం చాయ్ గ్లాసు కింద పెట్టాడు. కాసేపు నేల మీది బండలను చూశాడు. అవి అతను పరిచినవే.

“గంత దూరం తిరుగుడెందుకు, బిడ్డా? సర్టిఫికెట్ లేదు, గిర్టిఫికెట్ లేదు. వచ్చే ఆదివారం కాగితం తే. సంతకం పెడ్త.”

అక్షర కళ్లలో నీళ్లు తిరిగాయి. రూపేష్ గబగబా లేచి అతని కాళ్ల మీదికి వంగాడు.

“మనుషులకు మొక్కుడు మీ మతంల ఉన్నదా?”

“లేదు మామా. సంతోషంల మర్సిపోయిన.”

పదమూడో ఆదివారం ఇద్దరూ వచ్చారు. పరశురాం కొత్త చొక్కా వేసుకున్నాడు. మిఠాయి డబ్బా తెప్పించి పెట్టాడు.

“ఏమే, మొఖం గట్లున్నది? గెలిచినవు గద!”

రూపేష్ మడిచిన కాగితం విప్పి బల్ల మీద పెట్టాడు.

“అందరియి అయినయి. మీదొక్కటే మిగిలింది, మామా.”

పరశురాం కళ్లద్దాలు పెట్టుకున్నాడు. పెన్ను మూత తీశాడు. ‘వధువు తండ్రి’ అన్న చోటు వెతికాడు.

దాని పైనే, ‘వధువు తల్లి’ అన్న చోట, ఇంద్రమ్మ సంతకం ఉంది, మొన్న గురువారం తేదీతో.