బయటి చప్పుడు

"గివి పెట్టుకుంటే బయటి చప్పుడు మొత్తం బందైతదా సేటు?"

పోశాలు అడిగిన తీరుకు చందూలాల్ నవ్వాడు. భూపాలపల్లిలో సెల్‌ఫోన్ల దుకాణం పెట్టిన నాటి నుంచి అతను చాలామందికి ఇయర్‌ఫోన్లు అమ్మాడు. పాట బాగా వినబడాలనేవాళ్లే అందరూ. ఏమీ వినబడకూడదని పట్టుబట్టినవాడు ఇతనొక్కడే.

"మొత్తం అంటే ఎట్లన్న? ఫ్యాను చప్పుడు, మోటరు చప్పుడు మంచిగనే ఆగుతది. మాటలు జర వినబడ్తయి."

"డప్పు?"

చందూలాల్ చేతిలోని డబ్బా కింద పెట్టాడు. "ఇంట్ల పెండ్లా అన్న?"

పోశాలు "ఊఁ" అన్నాడు. పొద్దున్నుంచి ఇదే అబద్ధం చెప్పీ చెప్పీ నోటికి అలవాటైపోయింది.

"మా అవ్వకు గుండె ఆపరేషన్ అయింది. లొల్లి పడ్తలేదామెకు. చెవులల్ల పెట్టుకునేటివి తెమ్మని ఆమెనే అడిగింది."

"అయితే నువ్వు పట్టుకున్నయి వద్దు. చప్పుడు ఆపుతదని దాని మీద రాసుంటది గని, అది మనం ఫోన్ల మాట్లాడితే అవతలోళ్లకు సాఫ్‌గ వినబడేటందుకు. మన చెవులకు ఏం ఫరక్ ఉండది. చానమంది గిట్లనే మోసపోతరు." అతను ఇంకో డబ్బా విప్పాడు. "గివి చూడు. బయటి చప్పుడును పట్టి ఆపేది గిదే. రబ్బరు మాత్రం చెవికి గట్టిగ కూసోవాలె. సందుంటే ఎంత మంచిదైనా దండుగ."

పోశాలు పెట్టుకుని చూశాడు. చందూలాల్ దుకాణంలో స్పీకరు పెంచాడు. అది ఎక్కడో దూరాన మోగినట్టు వినబడింది. ఫోన్లో భజన పెట్టగానే అదీ పోయింది. బయటంతా సద్దుమణిగేసరికి పోశాలుకు దుఃఖం ముంచుకొచ్చింది. అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

"ఏమైందన్న?"

"ఏం లేదు. ఇవే ఇయ్యి."

"పెండ్లి మంచిగ కానియ్యుండ్రి" అని చందూలాల్ సాగనంపాడు. పోశాలు తలకాయ ఊపి బయటపడ్డాడు.

కాలనీలో ఇంటి ముందు టెంటు కింద అతని తమ్ముడు శ్యాం శవం ఉంది. నిన్న పొద్దుగూకే వేళ టేకుమట్ల నుంచి బండి మీద వస్తూ లారీ కింద పడ్డాడు. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది.

తల్లి భూదేవి వెనక గదిలో మంచం మీద ఉంది. ఆమెకు ఏ చిన్న దెబ్బ తగిలినా గుండె తట్టుకోదని వరంగల్ డాక్టరు ముందే చెప్పాడు. అందుకే పోశాలు రాత్రే గట్టిగా చెప్పేశాడు. శ్యాం డ్యూటీలో ఉన్నాడనాలి. పక్కింటి గోవర్ధన్ బిడ్డ పెళ్లికి టెంటు వేశారనాలి. ఎవరూ గొంతెత్తి ఏడవకూడదు. డప్పు వద్దు.

స్టేషన్ ఘన్‌పూర్ నుంచి వచ్చిన మేనమామ అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "డప్పు లేకుండ ఎత్తుతర్రా? వాడేమన్న దిక్కులేనోడా?"

"పోయినోని కోసం ఉన్న అవ్వను చంపుకోవాల్నా మామా?" అన్నాడు పోశాలు. శ్యాం భార్య సుమ కొంగు నోట్లో కుక్కుకుని రాత్రంతా వెక్కుతూనే ఉంది. మొగుడు పోయిన ఆడదాన్ని ఏడవొద్దనడం కంటే పాపం ఇంకోటుందా అని పోశాలుకూ అనిపించింది. కానీ ఏం చేస్తాడు?

చావు ఇంట్లో పొయ్యి ముట్టించరు. అందుకని పొద్దున చాయ్ గోవర్ధన్ ఇంటి నుంచి వచ్చింది. "పెండ్లోళ్లు పంపిండ్రు అత్తమ్మా" అని పోశాలు భార్య శాంతి గ్లాసు అందించింది. భూదేవి గ్లాసు వైపు కాసేపు చూసింది. తర్వాత పోశాలును పిలిపించింది.

"ఈ పెండ్లి లొల్లి నాతోని కాదు బిడ్డా. పిలగాండ్లు చెవులల్ల పెట్టుకుంటరు సూడు, అసొంటివి తే. మంచియి సూసి తే. బయట ఏమైనా నాకు వినబడొద్దు."

దేవుడే దారి చూపాడనుకున్నాడు పోశాలు. మేనమామను డప్పుల వాళ్ల కోసం పంపి తను బజారుకు ఉరికాడు.

ఇప్పుడు తల్లి చెవుల్లో రబ్బర్లు సరిగ్గా కూర్చోబెట్టి, ఫోన్లో భజన పెట్టి, దిండు పక్కన ఉంచాడు.

"అవ్వా, పాట వస్తున్నదా?"

భూదేవి తలూపింది.

ఇంకొంచెంసేపు చూసి, "అవ్వా!" అని గట్టిగా పిలిచాడు. ఆమె కళ్లు మూసుకునే ఉంది. ఉలుకూ పలుకూ లేదు. తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చి సైగ చేశాడు.

సుమ నోట్లోంచి కొంగు తీసేసి శవం మీద పడింది. ఆ ఏడుపుకు టెంటు కింద ఉన్న మగవాళ్లు కూడా ఆగలేకపోయారు. డప్పు లేచింది. వాడకట్టంతా కదిలొచ్చింది. పాడె ముందు డప్పు మోగుతుంటే పోశాలు కూడా దారిపొడుగునా చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. తమ్ముణ్ని నలుగురిలో మర్యాదగా సాగనంపామన్న తృప్తి ఆ ఏడుపులో ఉంది.

అంతా ముగించి, స్నానం చేసి, తడిబట్టలతోనే తల్లి గదిలోకి వెళ్లాడు. ఫోన్లో భజన నడుస్తూనే ఉంది. ఇయర్‌ఫోన్లు మాత్రం ఆమె గుప్పిట్లో ఉన్నాయి. దిండు తడిసిపోయి ఉంది.

"తీసినవేందవ్వా? ఎప్పుడు తీసినవ్?"

"నువ్వు తలుపేసి పోంగనే."

పోశాలు మంచం పక్కన కూలబడ్డాడు. భూదేవి అతని తడి తల మీద చెయ్యి వేసింది.

"గివి అడగకపోతే, నా కొడుకును డప్పు లేకుండనే పంపుతుంటిరి బిడ్డా."